పడుకోబెట్టిన చక్రం

"కూర్చోబెట్టారు తమ్ముడూ. నా మొగుణ్ణి కొట్టి చంపినవాడి పక్కన కుర్చీ వేసి, కూర్చో వదినా, ఫోటోకి కాస్త నవ్వుమొహం పెట్టు అన్నారు. కూర్చున్నాను. నవ్వలేదులే. కానీ ఫోటోలో చూస్తే నవ్వినట్టే ఉంటుంది. ముందుపళ్ళు ఎత్తు కదా నాకు, నోరు మూసుకున్నా నవ్వుమొహమే. మా ఆయన శవం పక్కన కూర్చున్నప్పుడు కూడా నవ్వినట్టే ఉన్నానని మా ఆడపడుచు ఇప్పటికీ దెప్పుతుంది."

పుస్తకం కోసం ఎదురుగా కూర్చుని రాసుకుంటున్నవాడికి ఈ మాటలు చెబుతూ ఆవిడ కిటికీకి అట్టముక్క కొలుస్తోంది. బస్సు డిపో ప్రహరీగోడకు ఆనుకుని వరసగా ఉన్న సిబ్బంది ఇళ్ళలో అది నాలుగోది. రెండు గదులు. ముందుగది కిటికీకి కింది అద్దం లేదు. పోయిన బుధవారం రాయి తగిలి పగిలింది. ఎంత ఊడ్చినా మంచం కింద గాజుపెంకులు ఇంకా మిగిలే ఉన్నాయి. రోజుకొకటి ఎవరి కాలికో గుచ్చుకుని తనంతట తానే బయటపడుతోంది.

డిపోలో ఆవిణ్ణి వదిన అంటారు. పెట్టిన పేరు ఒకటుంది గానీ హాజరుపట్టీలో తప్ప దానికి వాడకం లేదు. భర్త టైరు మేస్త్రీ. సంఘంలో చిన్నవాళ్ళందరికీ అన్న. అన్న పెళ్ళాం కాబట్టి ఈవిడ వదిన. అన్న పోయి పందొమ్మిదేళ్ళయినా వదిన వదినగానే ఉండిపోయింది. అయితే ఆ పిలుపు సగం డిపోదే. మిగతా సగం ఆవిణ్ణి ఏ పిలుపుతోనూ పిలిచేది కాదు. పని పడితే "ఇదిగో" అనేవాళ్ళు. లేదంటే దగ్గేవాళ్ళు.

ఆ డిపోలో రెండు సంఘాలు. ఒకటి పాత సంఘం, రెండోది కొత్త సంఘం.

"కొత్తది పుట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. పెట్టినవాళ్ళలో సగంమంది పోయారు కూడా. అయినా అది కొత్తదే. నేను కాపురానికి వచ్చినప్పుడు కొత్తకోడల్ని. నాకు నడుంనొప్పి వచ్చింది, మోకాళ్ళు అరిగాయి, ఆ సంఘానికి మాత్రం ఇంకా కొత్తదనం వదల్లేదు."

సంఘాలు రెండు కాబట్టి అన్నీ రెండే. మంచినీళ్ళ కుళాయిలు రెండు. గేటు బయట టీకొట్లు రెండు. ఏటేటా డిపోల మధ్య జరిగే వాలీబాల్ పోటీలకు ఈ ఒక్క డిపో నుంచి రెండు జట్లు వెళ్ళేవి. దారిలోనే కొట్టుకుని, ఎప్పుడూ పన్నెండు మందికి ఎనిమిది మందే ఆటస్థలం చేరేవాళ్ళు. పొద్దుటి షిఫ్టు పాత సంఘానిది, మధ్యాహ్నం షిఫ్టు కొత్తదానిది. ఇది ఏ కాగితం మీదా లేదు. రెండు షిఫ్టులూ కలిసి ఉంటే తలకాయలు పగులుతున్నాయని పాతకాలం మేనేజరు ఒకాయన అలా విడదీశాడు. పాపం ఆయన నెత్తి మీద కూడా అప్పటికి ఏడు కుట్లు పడ్డాయి.

టైరు సెక్షన్ అంటే డిపో వెనక రేకుల షెడ్డు. బస్సు చక్రంలో టైరును ఒక ఇనుప రింగు పట్టి ఉంచుతుంది. టైరు విప్పాలంటే రింగు కింద లీవరు దూర్చి, సుత్తితో కొట్టి ఊడదియ్యాలి. అంతకుముందు చెయ్యాల్సిన పని ఒక్కటే: వాల్వులో పిన్ను తీసి గాలంతా వదిలెయ్యాలి. గాలి ఉండగా రింగు మీద దెబ్బ పడిందంటే అది లేస్తుంది. లేచాక ఎదురుగా రేకుందా, రాయుందా, మనిషి మొహముందా అని చూడదు.

ఈ ఒక్క పనికి రెండు షిఫ్టుల్లో రెండు పద్ధతులు. పొద్దుటివాళ్ళు బస్సు నుంచి దింపిన చక్రాన్ని దింపినట్టే నేల మీద పడుకోబెడతారు. నాలుగైదు పోగయ్యాక అన్నిటికీ ఒక్కసారే పిన్నులు తీసి, గాలి పోయినవాటిని దొర్లించి చెక్కపలక మీదికి చేరుస్తారు. చెక్క మీద ఉన్నదే ఖాళీ చక్రం. మధ్యాహ్నంవాళ్ళు అలా కాదు. గాలి ఉన్నంతసేపూ చక్రాన్ని గోడకు ఆనించి నిలబెట్టే ఉంచుతారు. పిన్ను తీశాకే పడుకోబెడతారు. వాళ్ళకు నేల మీద పడుకున్నదే ఖాళీ చక్రం. ఇన్నేళ్ళలో ఈ తేడా ఎవరికీ పట్టలేదు. ఎందుకంటే ఏ షిఫ్టు చక్రాన్ని ఆ షిఫ్టే పూర్తిచేసి, షెడ్డు ఊడ్చి పోయేది. అవతలి సంఘంవాడు దింపిన చక్రాన్ని ముట్టుకోవడం నామోషీ.

పందొమ్మిదేళ్ళ కిందట కొత్త సంఘం సమ్మె కట్టింది. బస్సులు తిప్పి తీరతామని పాత సంఘం పట్టుబట్టింది. తెల్లారేసరికి గేటుకు అటు నూటయాభై మంది, ఇటు నూటయాభై మంది. మేస్త్రీ మొదటి బస్సు ముందు చక్రం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎవడైనా టైరు కోస్తే ముందు నన్ను కొయ్యాలి అన్నాడు. మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని వదిన గేటు దగ్గరికి వచ్చేసరికి సన్నగా వాన పడుతోంది.

"క్యారియర్ నా చేతిలోనే ఉంది. కుర్చీ కిందపడి ఉంది. ఆయన లేవబోతున్నాడు. ఒక మోకాలు మీద ఉన్నాడు. వెనక నుంచి వచ్చాడు వాడు. అప్పటికి పాతికేళ్ళుంటాయేమో. భుజాలు చూసి అందరూ సమ్మెట అనేవాళ్ళు వాణ్ణి. చేతిలో టైరు లీవరు. ఒక్కటే దెబ్బ, చెవి వెనక. తడిగుడ్డ బండ మీద కొడితే ఎలా ఉంటుంది, ఆ చప్పుడు. ఆయన ముందుకు పడలేదు. కూర్చున్నాడు. కూర్చుని నా వైపు చూశాడు, అన్నం తెచ్చావా అన్నట్టు. ఆ తర్వాత పడ్డాడు. పడ్డాక కాళ్ళతో తొక్కినవాళ్ళు ఇంకో పదిమంది ఉంటారు. వాళ్ళ మొహాలు నాకు గుర్తు లేవు. వాడి మొహం గుర్తుంది."

సాయంత్రానికి పాత సంఘంవాళ్ళు బాకీ తీర్చుకున్నారు. కొత్త సంఘం కండక్టరు ఒకణ్ణి సందులోకి లాక్కెళ్ళి, రెండు మోకాళ్ళూ రాయి మీద పెట్టి బద్దలుకొట్టారు. మూడు బస్సులు తగలబడ్డాయి. అటు ఇరవై మూడు మంది మీద, ఇటు ఇరవై మూడు మంది మీద కేసులు పడ్డాయి. లెక్క సరిపోయేట్టు ఎవరో కూర్చుని రాసినట్టు ఉన్నాయి.

ఏడాదిన్నర తర్వాత పాత సంఘం సెక్రటరీ ఇంటికొచ్చాడు. మంచం చివర కూర్చుని చాలాసేపు పాపను ముద్దుచేశాడు. పాపకు అప్పటికి అయిదేళ్ళు. ఆ తర్వాత అసలు మాట చెప్పాడు. రెండు పక్కలా కేసులు తీసేసుకుందామని పెద్దలు అనుకున్నారు. మనవాళ్ళు ఇరవై మూడు మంది ఇళ్ళకొస్తారు. వదిన కోర్టుకొచ్చి, నేనేం చూడలేదు అంటే చాలు. అన్న ఉద్యోగం వదినకు ఇప్పించే పూచీ తనది.

"ఏమన్నావక్కడ?" అని రాసుకుంటున్నవాడు అడిగాడు.

"దుమ్ము లేచింది, నాకేం కనబళ్ళేదు అన్నాను. వానపడ్డ రోజు దుమ్మెక్కడిది తమ్ముడూ? జడ్జీగారు అడగలేదు. వాళ్ళ వకీలు అడగలేదు, మన వకీలు అసలే అడగలేదు. బోనులో ఉన్న సమ్మెట ఒక్కడే తలెత్తి చూశాడు. చూసి మళ్ళీ దించుకున్నాడు. మరుసటి వారం నేను టైరు సెక్షన్‌లో చేరాను."

మొదటి ఆర్నెల్లూ చేతులు పుళ్ళుపడ్డాయి. రాత్రి అన్నం కలుపుకుంటే మండేది. లీవరు పట్టుకోవడం నేర్పిన ముసలి మేస్త్రీ, బలం భుజాల్లో కాదమ్మా మడమల్లో ఉంటుంది అని చెప్పేవాడు. రెండో ఏడు తిరిగేసరికి ఆవిడ ఒక్కత్తే చక్రం దింపి, విప్పి, ట్యూబు మార్చి, బిగించేది. పొద్దుటి షిఫ్టు ముగించుకుని వెళ్ళేటప్పుడు మధ్యాహ్నం షిఫ్టుకు వచ్చే సమ్మెట గేటు దగ్గర ఎదురయ్యేవాడు. పదిహేడేళ్ళు రోజూ ఎదురయ్యాడు. ఆవిడ అతని మొహం చూసేది కాదు. చెవి వెనక చూసేది. అక్కడ జుట్టు పల్చబడటం, నెరవడం, తర్వాత బట్టతల పాకడం, అన్నీ ఆవిడకు తెలుసు. అతని పెళ్ళానికి కూడా అంత తెలియదేమో.

ఇలా ఉండగా పైన పార్టీలు కలిశాయి.

పాత సంఘం ఒక పార్టీది, కొత్త సంఘం రెండో పార్టీది. ఎన్నికలు దగ్గరపడి, మూడోవాడు బలిసిపోతున్నాడని ఈ ఇద్దరూ చేతులు కలిపారు. నిన్నటిదాకా ఒకరి తల్లిని ఒకరు తిట్టుకున్న నాయకులు ఒకే బండి మీద నిలబడి చేతులూపారు. పైనవాళ్ళు కలిశాక కిందవాళ్ళు విడిగా ఉంటే బాగోదని సంఘాలను కలపమన్నారు. వారం రోజుల్లో రెండు బోర్డులు దించి ఒకటి ఎక్కించారు. వాలీబాల్ జట్లు కూడా ఒకటయ్యాయి. మూడేళ్ళ కిందట ఎవడు ఎవడి ముక్కు విరగ్గొట్టాడో వాడు వాడికే బంతి అందించాలి. మొదటి ఆటలో ఒక్కడు కూడా అవతలివాడికి బంతి ఇవ్వలేదు. అన్నీ నేరుగా వలకే కొట్టి, తిన్నగా ఓడిపోయి, ఏ గొడవా లేకుండా ఇంటికొచ్చారు. డిపో చరిత్రలో ఎవరికీ దెబ్బ తగలకుండా ముగిసిన ఆట అదొక్కటే.

కొత్త బోర్డు ఎక్కించిన రోజు పెట్టిన సభలోనే ఆ ఫోటో. సెక్రటరీ ఇప్పుడు కలిసిన సంఘానికి ఉపాధ్యక్షుడు. మైకు పట్టుకుని, ఇదిగో మన వదిన, ఇదిగో మన సమ్మెట, ఈ ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నాక ఇంక ఈ డిపోలో పగ అనే మాటే లేదు అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇద్దరి చేతులూ పట్టి ఒకే జెండాకర్ర మీద పెట్టించాడు. సమ్మెట చెయ్యి చల్లగా, చెమటగా ఉంది.

"ఆ చేత్తోనే కదా అనుకున్నాను. అంతకన్నా ఏం అనుకోలేదు. ఇంటికొచ్చి మూడుసార్లు సబ్బు పెట్టి కడుక్కున్నాను. మా అమ్మాయి చూసి, చాల్లే అమ్మా, తోలు ఊడొస్తుంది అంది."

నెల తిరక్కుండా షిఫ్టులు కలిపేశారు. పక్కపక్కన పనిచేస్తే కలుస్తారని పైనుంచి మాట. ఫోర్‌మన్ పట్టీ రాసి గోడకంటించాడు. ప్రతి జంటలో అటువైపు ఒకరు, ఇటువైపు ఒకరు. టైరు సెక్షన్, పొద్దుటి షిఫ్టు: వదిన, సమ్మెట.

ఆవిడ ఫోర్‌మన్ గదికి వెళ్ళింది.

"అన్నా, నన్ను గ్రీజు సెక్షన్‌కి మార్చు."

"నా చేతిలో లేదు వదినా."

"నీ చేతిరాతే కదా అది."

"చెయ్యి నాదే, రాయించింది వాళ్ళు. నేనిప్పుడు పేరు మారిస్తే పార్టీలు విడగొట్టాడని నా మీద పడతారు. నాకు ఇద్దరు పిల్లలు."

మూడు వారాలు ఒకే షెడ్డులో ఇద్దరూ వీపులు చూపించుకుని పనిచేశారు. ఆవిడ దింపిన చక్రాన్ని ఆవిడే విప్పేది. అతను దింపినదాన్ని అతనే విప్పేవాడు. సుత్తులు రెండు, లీవర్లు రెండు. మాట లేదు. ఒక్కసారి మాత్రం, మూడో వారం మధ్యలో, అతను ట్యూబుకు అతుకు వేస్తూ తలెత్తకుండా, "ఆ రోజు గేటు దగ్గర..." అన్నాడు.

"పని చూడు" అంది ఆవిడ.

అతను పని చూశాడు.

ఆ తర్వాత అయిదో రోజు. పొద్దున పదకొండవుతోంది. రేకులు కాలిపోతున్నాయి. దూరం వెళ్ళే బస్సు ఒకటి కిక్కిరిసిన జనంతో డిపోలోకి వచ్చి షెడ్డు ముందు ఆగింది. ముందు టైరు చీలిపోయేట్టుంది. వెనక టైరులోకి మేకు దిగింది. జనం కిటికీల్లోంచి అరుస్తున్నారు. ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చి, ఇద్దరూ కలిసి ఒకే బండి మీద పడండి, నీది నాది అనుకోవడానికి టైము లేదు అన్నాడు. వదిన ముందు చక్రం దింపింది. అలవాటు ప్రకారం నేల మీద పడుకోబెట్టింది. పిన్ను తీసే చిన్న తాళం అలమారలో ఉంది. తేవడానికి వెళ్ళింది. పది అడుగులు. తాళం తీసుకుని తిరిగి చూసింది.

సమ్మెట ఆ చక్రం మీదికి వంగి ఉన్నాడు. లీవరు రింగు కింద దూర్చాడు. సుత్తి పైకెత్తాడు.

ఇక్కడికి వచ్చి ఆవిడ అట్టముక్కను కింద పెట్టేసింది. మేకులు నోట్లోంచి తీసి కిటికీగూట్లో పెట్టింది.

"నాకు అర్థమైంది. చూడగానే అర్థమైంది తమ్ముడూ. వాడు ఖాళీది అనుకుంటున్నాడని. వాళ్ళు పడుకోబెడితే ఖాళీదే కదా. మూడు వారాలుగా పక్కనే చూస్తున్నాను, వాళ్ళ పద్ధతి నాకు తెలుసు. నా పద్ధతి వాడు చూడలేదు. నా వైపు చూడటానికి వాడికి మొహం లేదు. కాబట్టి వాడికి తెలీదు, నాకు తెలుసు."

ఆవిడ అరచేతులు చీరకు తుడుచుకుంది.

"గాలుంది అని అరవాలి. రెండు ముక్కలు. నోట్లోనే ఉన్నాయి. కానీ వాడు వంగి ఉన్నాడు కదా, చెవి వెనక కనిపిస్తోంది. అక్కడే చూశాను. ఎంతసేపు? ఉమ్మి మింగేంతసేపు. మింగాను కూడా. గొంతులో దిగడం తెలిసింది. అప్పుడు అరిచాను."

అరుపు విని సమ్మెట మొహం ఇటు తిప్పాడు. మొహం తిరిగింది గానీ సుత్తి ఆగలేదు. ఎత్తినది దిగింది. షెడ్డంతా ఒక్కసారి తెల్లగా అయిపోయినట్టు, చెవుల్లో ఇక ఏ చప్పుడూ లేనట్టు అయింది. రింగు లేచి, అతని కుడిచేతిని మోచేతి దగ్గర కోసుకుని, దవడ అంచును చెక్కి, బస్సు పక్కరేకును చీల్చి లోపలి సీటు కింద దూరింది. సీటులో ఉన్న ముసలాయన కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోబట్టి బతికాడు. సమ్మెట వెనక్కి విరుచుకుపడ్డాడు. చెయ్యి తోలు మీద వేలాడుతోంది. నెత్తురు కారడం కాదు, ఎగదన్నుతోంది. లయగా, పంపు కొట్టినట్టు.

వదిన గోడకు తగిలించిన పాత ట్యూబు ముక్క లాగింది. మోకాలు అతని గుండెల మీద వేసి, భుజం కింద మూడు చుట్లు చుట్టి, లీవరు దూర్చి మెలితిప్పింది. నెత్తురు ఆవిడ నోట్లో పడింది, కళ్ళలో పడింది. మెలి మీద మెలి వేసి పట్టుకుని కూర్చుంది. అటూ ఇటూ రెండు సంఘాలవాళ్ళూ పరుగెత్తుకొచ్చి ఎవరు ముందు ముట్టుకోవాలో తెలియక నిలబడిపోయారు.

"చెయ్యేది?" అన్నాడు సమ్మెట.

"ఉంది. కదలకు."

"నాకు తెలియట్లేదు."

"నా ఒళ్ళో ఉంది. కదిలావంటే తంతాను."

చెయ్యి పోయింది. మనిషి మిగిలాడు. ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే మనిషీ పోయేవాడని డాక్టరు చెప్పాడట. అంతే, వదిన దేవతైపోయింది. భర్తను చంపినవాడికి ప్రాణం పోసిన తల్లి అని కరపత్రాలు వేశారు. ఆ పాత ఫోటో, నవ్వినట్టున్నది, పెద్దది చేసి గేటుకు కట్టారు. రోజూ దాని కింద నుంచే ఆవిడ డ్యూటీకి వెళ్ళేది. తల పైకెత్తేది కాదు.

నాలుగు నెలలు గడిచాయి. ఎన్నికలు అయ్యాయి. పైన పార్టీలు సీట్ల దగ్గర పేచీపడి విడిపోయాయి. దించిన బోర్డులు గోడౌన్‌లో భద్రంగానే ఉన్నాయి. తుడిచి మళ్ళీ ఎక్కించారు. ఈసారి పంపకం తిరగబడింది. సెక్రటరీ కొత్త సంఘంలోకి పోయాడు. కొత్త సంఘంలో పేరున్న ముగ్గురు ఇటొచ్చారు. మేస్త్రీని తొక్కిన కాళ్ళలో రెండు ఇప్పుడు పాత సంఘంలో ఉన్నాయని వదినకు ఎవరో చెప్పారు.

"ఉంటే ఉన్నాయి అన్నాను. కాళ్ళను చూసి నేనేం గుర్తుపడతాను?"

కరపత్రం కూడా తిరగబడింది. వదిన ప్రాణం పోయలేదు, కావాలనే గాలి ఉన్న చక్రాన్ని పడుకోబెట్టి మొగుడి పగ తీర్చుకుంది అని కొత్త సంఘం అచ్చువేసింది. రాసింది సెక్రటరీయే. దేవత అని రాసిన చెయ్యే అది. హత్యాయత్నం అని ఫిర్యాదు టైపు కొట్టించి సమ్మెట ఇంటికి పట్టుకెళ్ళారు. అక్కడ జరిగింది డిపో అంతా చెప్పుకుని నవ్వుకుంది.

"సంతకం పెట్టు" అన్నారట.

"ఏం పెట్టి పెట్టను? చెయ్యి టైరు సెక్షన్‌లో వదిలేసి వచ్చాను."

"ఎడమ బొటనవేలు ఉందిగా. ముద్ర వెయ్యి."

"అది ముక్కు గోక్కోడానికి ఉంచుకున్నాను. దానికి వేరే పని చెప్పొద్దు."

బతిమాలారు, బెదిరించారు. పడుకుని ఉంది కాబట్టి ఖాళీది అనుకున్నాను, కొట్టాను, తప్పు నాది, ఆవిడ అరిచింది కాబట్టి తల మిగిలింది, ఇంక పొండి అన్నాడట.

ఫిర్యాదు పడకపోతే రాళ్ళు పడ్డాయి. బుధవారం మధ్యాహ్నం ముప్ఫై మంది ఈ వరసలోకి వచ్చారు. ఇనుపరాడ్లతో తలుపు కొట్టారు. తలుపు ఆగింది. కిటికీ ఆగలేదు. అద్దం పగిలి వదిన కూతురి కనుబొమ్మ చీలింది. ఆ పిల్లకిప్పుడు ఇరవై మూడేళ్ళు. నెత్తురు కళ్ళలోకి కారుతుంటే మంచం వెనక కూర్చుని, అమ్మా, వీళ్ళు ఈ నెల మనవైపా అటువైపా అని అడిగింది. వదిన కూరగాయల కత్తి పట్టుకుని తలుపు వెనక నిలబడింది. తలుపు ఊడితే మొదట వచ్చినవాణ్ణి పొడిచేదాన్నే అంటుంది. మొదట వచ్చేవాడు ఎవరైనా సరే.

గురువారం పాత సంఘంవాళ్ళు బదులు చెప్పారు. నడుస్తున్న బస్సు ఆపి, కొత్త సంఘం డ్రైవరును కిందికి లాగి, అతని బస్సు చక్రానికే తల వేసి కొట్టారు. ఇది వదిన కోసం, ఇది వదిన కోసం అని ఒక్కో దెబ్బకూ లెక్క చెప్పారట. ఆ కుర్రాడికి ఇరవై ఎనిమిదేళ్ళు. గొడవలన్నిటికీ తర్వాత చేరినవాడు. వదిన మొహం కూడా సరిగ్గా ఎరగడు. ఇంకా కళ్ళు తెరవలేదు.

"ఆసుపత్రికి వెళ్ళాను. వాళ్ళమ్మ వరండాలో కూర్చుని ఉంది. నేను ఎవరో ఎవరూ చెప్పలేదు, ఫోటో చూసి ఉంటుంది. లేచి వచ్చి నా మొహం మీద ఉమ్మింది. తుడుచుకోలేదు తమ్ముడూ. ఇంటిదాకా అలాగే వచ్చాను. నేను తినాల్సిన ఉమ్మే అది. కానీ ఆవిడ వేరే దానికి ఉమ్మింది, నేను వేరే దానికి తిన్నాను."

పక్కగదిలోంచి కూతురు వచ్చి నీళ్ళగ్లాసు ఇచ్చి వెళ్ళింది. కనుబొమ్మ మీద కట్టు ఇంకా ఉంది. ఆ పిల్ల పోయేదాకా వదిన ఆగింది. గొంతు తగ్గించింది.

"దేవతని కాదు. హంతకురాల్నీ కాదు. కావాలని పడుకోబెట్టలేదు, నా మొగుడి మీద ఒట్టు. పదిహేడేళ్ళుగా అలాగే పడుకోబెడుతున్నాను. కానీ ఆ ఉమ్మి మింగాను చూడు, అది ఉంది. అది మింగకపోతే వాడికి చెయ్యి ఉండేది. ఈ మాట సంఘాలకి చెబితే ఏమవుతుంది? ఒకళ్ళు పండగ చేసుకుంటారు, ఇంకొకళ్ళు అబద్ధం అని నా నోరు మూస్తారు. మళ్ళీ పార్టీలు కలిస్తే ఎవరి కరపత్రం ఎవరు వేస్తారో కూడా తెలీదు. అప్పుడు కోర్టులో దుమ్ము అన్నాను. ఇరవై మూడు మంది ఇళ్ళకొచ్చారు, ఉద్యోగం వచ్చింది, పిల్ల పెరిగింది. మళ్ళీ ఒకసారి దుమ్ము అనలేను. వాడొక్కడికి తెలియాలి. చెయ్యి వాడిది."

వెళ్ళి చెప్పడానికి రెండుసార్లు బయల్దేరిందట. సమ్మెట ఇల్లు పెద్ద దూరం కాదు, డిపో అవతలి గేటు నుంచి మూడో సందు. మొదటిసారి సందు మొదట్లో కొత్త సంఘంవాళ్ళు అడ్డం నిలబడ్డారు. రెండోసారి పాత సంఘంవాళ్ళు పదిమంది కాపలాగా వెనకాలే వచ్చారు. పదిమందితో వెళితే కొట్టడానికి వచ్చిందనుకుంటారు. ఒక్కత్తే వెళితే కాళ్ళు పట్టుకోడానికి వచ్చిందనుకుంటారు. ఎలా వెళ్ళినా రేపటికి అది కరపత్రమే.

ఆవిడ లేచి అట్టను కిటికీకి ఆనించి, నాలుగు మూలలా మేకులు కొట్టింది. ఒక్కో మేకుకు ఒక్కటే దెబ్బ. గది చీకటైంది. సుత్తి గూట్లో పెట్టి తిరిగింది.

"నువ్వు ఎటువైపువాడివీ కావు. ఇద్దరి టీకొట్లలోనూ టీ తాగావు, చూశాను. రాసుకున్నదంతా తీసుకుని వాడింటికి వెళ్ళు. మధ్యాహ్నం పూట వెళ్ళు, వాడి పెళ్ళాం పనికి పోయి ఉంటుంది. ఆవిడ ముందు చదవొద్దు. గేటు దగ్గర నుంచి మొదలుపెట్టు, మా ఆయన నా వైపు చూసిన ముక్క కూడా వదలకు, వాడికి అదీ తెలియాలి. ఆ తర్వాత నేను ఉమ్మి మింగిన ముక్క చదువు. నెమ్మదిగా చదువు. వింటూ మధ్యలో లేచిపోతే పోనీ, కూర్చుని ఉండు, మళ్ళీ వస్తాడు. కొడితే ఒక దెబ్బ తిను తమ్ముడూ, ఎడమచెయ్యే కదా, ఇంకా అలవాటు పడి ఉండదు. ఏమన్నా అంటే పుస్తకంలో వెయ్యకు, నాకు వచ్చి చెప్పు. ఏమీ అనకపోయినా వచ్చి చెప్పు. ఆ ముక్క చదవకుండా మాత్రం వెనక్కి రాకు."